నీలాచలం గారి దగ్గు

ఏకవిద్యాపీఠంలో ఎవరినీ "నువ్వేం చదువుతున్నావు?" అని అడగరు. ఆ ప్రశ్నకు అక్కడ అర్థం పోయి పన్నెండేళ్ళయింది. వంశధార సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన, ఇసుక దిబ్బల మీద కట్టిన ఆ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం లేదు. చరిత్ర విభాగం లేదు. అసలు విభాగమన్న మాటే లేదు. 2097లో అక్కడ పద్నాలుగు వందల మంది విద్యార్థులుండేవారు. అందరూ అన్నీ చదివేవారు.

పొద్దున్నే తీరం వెంట నడుస్తున్న ఒక మొదటి సంవత్సరం అమ్మాయికి చచ్చిన తాబేలు కనిపించిందనుకోండి. పాతకాలంలో అయితే జీవశాస్త్రం చదివే పిల్ల దాని ఊపిరితిత్తుల గురించి ఆలోచించేది, న్యాయశాస్త్రం చదివే పిల్ల వలల నిబంధనల గురించి ఆలోచించేది. ఇక్కడి పిల్లకు ఆ తాబేలు గుడ్లు పెట్టడానికి ఎంత దూరం ఈదుకుంటూ వచ్చిందో, ఏ ప్రవాహం దాన్ని ఇటు తోసిందో, ఏ వల దాని ఊపిరి ఆపిందో, ఆ వల వేసిన మనిషి ఇంట్లో ఆ వారం ఏం వండుకున్నారో, ఇవన్నీ ఒకే చూపులో, ఒకే తెలివిడిగా అందేవి. చూసేది, తెలుసుకునేది, నడిచి వెళ్ళిపోయేది. ఆగేది కాదు.

దీనికంతటికీ కారణం సంధాయిని. చెవి వెనక ఎముక మీద అతికించుకునే చింతగింజంత పరికరం అది. సమాచారం అందించడం దాని పని కాదు. సమాచారం అప్పటికి వందేళ్ళుగా ఎక్కడబడితే అక్కడ దొరుకుతూనే ఉంది. ఒక శాస్త్రాన్ని నేర్చుకోవడమంటే విషయాలు గుర్తుపెట్టుకోవడం కాదు, ఒక రకంగా చూడటం అలవాటు చేసుకోవడం. ఆ అలవాటు పట్టుబడడానికి పదిహేనో ఇరవయ్యో ఏళ్ళు పడుతుంది. సంధాయిని ఆ అలవాటునే మనిషికి నేరుగా ఇస్తుంది. ఒక గొప్ప శాస్త్రవేత్త దేన్నైనా పరిశీలిస్తున్నప్పుడు మెదడులో ఏ నాడీకణాలు ఏ వరసలో పలుకుతాయో నెలల తరబడి నమోదు చేసి న్యూరల్ ఇంప్రింట్ తయారుచేస్తారు. విద్యాపీఠంలో దాన్ని దృష్టిముద్ర అనేవారు. అలాంటి దృష్టిముద్రలు ఏడు. ఏడుగురు పండితుల ఏడు చూపులు.

దీన్ని తయారుచేసింది డాక్టర్ గొర్లె మేదిని. నాడీశాస్త్రవేత్త. విద్యాపీఠం పాఠ్యప్రణాళికకు కూడా ఆవిడే బాధ్యురాలు.

మొదట్లో సంధాయిని పనిచెయ్యలేదు. ఏడు చూపులూ ఒకే తలలో పెట్టేసరికి విద్యార్థులు వాంతులు చేసుకున్నారు. అల అంటే భౌతికశాస్త్రానికి ఒకటి, కవిత్వానికి మరొకటి, పడవ నడిపే వాడి చరిత్రకు ఇంకొకటి. ఈ మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకునేచోట తల దిమ్మెక్కేది. దానికి అతుకు జబ్బని పేరు పెట్టారు. రెండేళ్ళపాటు మేదిని ఆ అతుకుల్ని నున్నగా చెయ్యడానికి ఎన్ని గణిత పద్ధతులున్నాయో అన్నీ ప్రయత్నించింది. చివరికి తన గురువు సనపల నీలాచలం దగ్గరికి వెళ్ళింది.

నీలాచలం తత్త్వశాస్త్రం బోధించిన చివరి ఆచార్యుడు. విభాగాలు ఎత్తేయాలని మొదట రాసిందీ ఆయనే. ఏడు శాస్త్రాలనూ ఒక పద్ధతిలో కాకపోయినా సొంతంగా చదువుకున్న మనిషి. అప్పటికి ఎనభై ఒక్కేళ్ళు.

"శాస్త్రాలను కలిపేది ఏంటి సార్? ఎక్కడ వెతికినా దొరకడం లేదు," అని అడిగింది మేదిని.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకది అలవాటే. "ఒక శాస్త్రం చెప్పాల్సిందంతా చెప్పేసి ఒకచోట ఆగిపోతుంది చూడు. అక్కడ నీకు తెలీదని నీకు తెలుస్తుంది. భయమేస్తుంది. ఆ భయంతో లేచెళ్ళి పక్కగది తలుపు కొడతావు. గదుల్ని కలిపేది గోడలు పడగొట్టడం కాదమ్మా. తలుపు కొట్టడానికి లేచిన మనిషి."

ఆ మనిషినే నమోదు చెయ్యాలనుకుంది మేదిని. పదకొండు నెలలు నీలాచలం రోజూ ఆమె ప్రయోగశాలలో కూర్చున్నారు. ఒక శాస్త్రం నుంచి మరో శాస్త్రానికి ఆయన మనసు దాటే తీరును ఆమె ముద్రగా మలిచింది. ఏడు చూపుల అడుగున దాన్ని పరిచింది. అదే పునాది పొర. అది పెట్టిన రోజే అతుకు జబ్బు పోయింది.

కానీ ఒక ఇబ్బంది మిగిలింది. నీలాచలం ఒక శాస్త్రం నుంచి మరోదానికి దాటేముందు ఆగేవారు. కొంచెం అటూ ఇటూగా నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో విద్యార్థులకు ఏమీ తెలిసేది కాదు. ఏడు శాస్త్రాలుండి కూడా ఏమీ తెలియని ఆ ఖాళీ వాళ్ళకు భరించరానిదిగా ఉండేది. కొందరు ఏడ్చారు. బరువుగా ఉందన్నారు. పాఠ్యమండలి అభ్యంతరం చెప్పింది.

"ఆ ఆగడం మటుకు తీసెయ్యకు," అన్నారు నీలాచలం, ఆసుపత్రి మంచం మీద. "మాటివ్వు."

మేదిని మాటిచ్చింది. ఆయన పోయిన రెండు నెలలకు, ఒక సోమవారం మధ్యాహ్నం, నాలుగు సెకన్లనూ సున్నా చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది.

*

చివరి సంవత్సరం విద్యార్థులకు రాతపరీక్ష ఉండేది కాదు. నిర్ణయ పరీక్ష ఉండేది. నిజంగా ఉన్న ఒక సమస్యను అప్పగిస్తారు. విద్యార్థి అక్కడికి వెళ్ళి, చూసి, ఒక పలక మీద తన నిర్ణయం రాసి వేలితో సంతకం చెయ్యాలి. ప్రభుత్వం దాన్ని అమలు చేస్తుంది. ఏకవిద్యాపీఠం నిర్ణయాలు అప్పటిదాకా ఎక్కడా తప్పని తేలలేదు. ఎవరికైనా సంతకానికి పట్టే సమయం ఒక పూట.

దుంగ వెన్నెల మూడు రోజులైనా సంతకం చెయ్యలేదు.

ఆమెకిచ్చిన సమస్య దిబ్బలపేట. మూడు వందల గడపల మత్స్యకార పేట. సముద్రం ఏటా ముందుకొస్తోంది. పేటను పద్దెనిమిది కిలోమీటర్లు లోపలికి తరలించాలా, వద్దా? తరలించాలని ఏడు శాస్త్రాలూ ఒకే గొంతుతో చెప్పాయి. వెన్నెలకు ఎక్కడా అనుమానం లేదు. పలక మీద వేలు పెట్టబోయింది. సరిగ్గా అప్పుడు వెనక ఎవరో దగ్గారు. ముసలాయన ఎవరో మాట్లాడబోతూ గొంతు సవరించుకున్నట్టు.

తిరిగి చూస్తే ఇసుక తప్ప ఏమీ లేదు.

నాలుగో రోజు ఉదయం మేదిని స్వయంగా పేటకు వెళ్ళింది. వెన్నెల ఒక తిరగేసిన పడవ నీడలో కూర్చునుంది. పక్కన సూరాడ పోలమ్మ అనే ముసలావిడ ఎండేసిన చేపలు తిరగేస్తోంది.

"మీరేటి, ఈ గుంటకి పంతులమ్మా?" అంది పోలమ్మ. "తీసుకెల్లిపోండి తల్లీ. మూడ్రోజులయ్యింది, తిండి లేదు. ఆ పలక అట్టుకుని కూకుంటాది, ఎనక్కి ఎనక్కి సూసుకుంటాది. గాలి సోకిందేమోనని నానే దిష్టి తీసినాను."

"నేనేదైనా తప్పు చేశానా మేడమ్?" అంది వెన్నెల. "ఎక్కడ తప్పిందో చూసుకున్నాను. ఎక్కడా తప్పలేదు. కానీ సంతకం చెయ్యబోయినప్పుడల్లా ఆయన దగ్గుతున్నారు."

"ఎవరు?"

"నీలాచలం గారు. పునాది పొర ఆయనదే కదా. నాకొక్కదానికే కాదు మేడమ్, మా హాస్టల్లో చాలామందికి వినిపిస్తారు. భయపడి ఎవరూ చెప్పరు. ఈమె అడిగినప్పటి నుంచీ నాకు మరీ ఎక్కువైంది."

"ఏం అడిగిందీవిడ?"

పోలమ్మే చెప్పింది. "నానేటడిగినానమ్మా? సముద్రం ముందుకొస్తందని సెప్పింది. అది నాకు తెల్దేటి? నా సిన్నతనంలో మా అయ్య వలలారేసిన సోటు ఇప్పుడు నీట్లోనుంది. లోపలికెల్తే ఏటేటి బాగుంటాదో అంతా సెప్పింది. బాగానే ఉంది. 'అయన్నీ సరే గానీ గుంటా, నీకేటనిపిస్తంది?' అన్నాను. అంతే."

"ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు మేడమ్," అంది వెన్నెల. "ఇప్పటికీ అర్థం కాలేదు."

మేదినికీ ఆ దగ్గు తెలుసు. ఆమె చెవి వెనకా సంధాయిని ఉంది. తొమ్మిదేళ్ళుగా, ఏదైనా కాగితం మీద సంతకం పెట్టేముందు, ఆ దగ్గు వినేది. మొదట్లో ఒళ్ళు జలదరించేది. తర్వాత్తర్వాత గదిలో ఎవరూ లేకపోతే "సార్" అని లేచి నిలబడేది. మాట తప్పినందుకు ఆయన తనను వదలడం లేదనుకుంది. నిజం చెప్పాలంటే, వదలకపోవడమే ఆమెకు కావాలి.

*

విద్యాపీఠం వ్యవస్థలన్నీ నడిపే యంత్రం పేరు పాఠి. అది అబద్ధం చెప్పదు. అడగని సంగతీ చెప్పదు. మేదిని మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు మూసి దాని ముందు కూర్చుంది.

"పునాది పొరలో నీలాచలం గారి విరామం ఎక్కడైనా మిగిలిపోయిందా?"

"లేదు," అంది పాఠి. "మీరు తీసేసిన చోట్లన్నీ సున్నాలే ఉన్నాయి. ఇప్పుడే మళ్ళీ చూశాను."

"మరి ఆయన దగ్గు? అది ఏ ముద్రలోంచి వస్తోంది?"

"ఏ ముద్రలోనూ లేదు. పదకొండు నెలల నమోదులో ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు."

మేదిని కుర్చీలో కదిలింది. కిటికీ బయట సముద్రం తెల్లగా మెరుస్తోంది. అంత వెలుగులోనూ ఆమెకు వీపు మీద చల్లగా అనిపించింది.

"అయితే దగ్గుతున్నదెవరు?"

"విద్యార్థుల సంధాయినులు నమోదు చేసిన మూడు వందల పన్నెండు సందర్భాలను చూశాను. ప్రతిసారీ దగ్గు వినిపించడానికి అరసెకను ముందు, విన్న మనిషి స్వరపేటిక కండరాలే బిగుసుకున్నాయి. ఏదో అడగబోయే ముందు మనుషులు గొంతు సవరించుకుంటారు. వాళ్ళు చేస్తున్నది అదే. శబ్దం బయటికి రావడం లేదు."

"తమ గొంతని వాళ్ళకు తెలియదా?"

"తెలియడానికి సమయం కావాలి. 'ఈ అనుమానం నాది' అని గుర్తించడానికి మనిషికి దాదాపు నాలుగు సెకన్లు పడుతుంది. మనం ఇచ్చిన పొరలో ఆ సమయం లేదు. అనుమానం పుట్టీ పుట్టగానే తర్వాతి శాస్త్రం జవాబు చెప్పేస్తుంది. గొంతు కదిలిన గుర్తు మటుకు మిగిలిపోతుంది. 'ఎవరో గొంతు సవరించుకున్నారు, అది నేను కాదు. కాబట్టి వెనక ఎవరో ఉన్నారు.' మెదడు అలా సర్దుకుంటోంది. పేరు మీరు పెట్టుకున్నదే."

మేదిని చెవి వెనక తడుముకుంది. "నేను విన్నది?"

"మీ గొంతే. తొమ్మిదేళ్ళలో నాలుగు వేల పైచిలుకు సార్లు."

ఆమె చెవి వెనక నుంచి సంధాయిని తీసి బల్ల మీద పెట్టింది. గదిలో ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఎవరూ లేరు. ఆయన తన మీద కోపగించుకోలేదు, తనను క్షమించలేదు, అసలు రానే రాలేదు. ఆసుపత్రిలో ఏడవలేకపోయిన ఏడుపు ఇప్పుడొచ్చింది.

*

మర్నాడు ఆమె ఉపకులపతి ప్రభంజన్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. మాటిచ్చిందీ, తప్పిందీ కూడా దాచలేదు.

"ఇప్పుడేమంటారు?" అన్నాడాయన.

"ఆ నాలుగు సెకన్లూ తిరిగి పెడదాం సార్. మనం కట్టిన చదువుకి పునాదే అది. దాన్ని తీసేసి మిగతాదంతా నిలబెట్టాను. అడిగే మనిషి లేకుండా ఏడు జవాబులు ఒకచోట పేర్చడం చదువు కాదు."

"ముందు ఇరవై మందికి పెట్టి చూడండి."

స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఇరవై మందికి విరామం తిరిగి పెట్టారు. వెన్నెల అందులో ఒకతె. దగ్గు వెంటనే పోయింది. ఇరవై మందిలో ఒక్కరికీ వినిపించలేదు. మేదిని ఊపిరి పీల్చుకుంది.

గంట గడవకముందే ఒకమ్మాయి సంధాయిని పీకి పారేసింది. తర్వాత ఇంకొకరు. సాయంత్రానికి పంతొమ్మిది మంది ప్రయోగశాల బయట వరండాలో నిలబడ్డారు. కొందరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, తాతగారు పోయారు," అంది ముందు నిలబడ్డ అమ్మాయి. అందరూ నీలాచలాన్ని అలా పిలుస్తారని మేదినికి అప్పుడే తెలిసింది.

"ఆయన ఎప్పుడూ లేరమ్మా. అది నీ గొంతే. నీకు వచ్చిన అనుమానమే."

"తెలుసు మేడమ్. మీరు చెప్పారు కదా. అర్థమైంది." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, వేడుకోలుంది. "ఇదివరకు ఏదైనా సరిగ్గా లేకపోతే ఆయన దగ్గేవారు. మేం చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ లేరు. నాకు తెలీదు అన్నది నాకే అనిపిస్తోంది. లోపలంతా నేనొక్కదాన్నే ఉన్నట్టుంది. ఇది మాకొద్దు. ఆయన్ని తిరిగి తెచ్చివ్వండి."

ఆ వెనక పద్దెనిమిది తలలు ఊగాయి.

వెన్నెల ఒక్కతే ఆ విరామాన్ని తిరిగివ్వలేదు. ఆ రోజు ఆమె వరండాకు రాలేదు. దిబ్బలపేటలో ఉంది. పోలమ్మ అడిగిన ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు తర్వాత పలకలో దొరికింది. "నాకు తెలీదు. ఒక వానాకాలం వీళ్ళతో ఉండాలి. అడగాల్సినవి ఉన్నాయి." కింద సంతకం ఉంది.

అది నిర్ణయం కాదని పరీక్షామండలి కొట్టేసింది. దిబ్బలపేటను విరామం పెట్టించుకోని ఇంకొక విద్యార్థికి అప్పగించారు. అతను పలక మీద వేలు ఉంచి, కళ్ళు మూసుకుని, కాసేపు విన్నాడు. దగ్గు రాలేదు. తాతగారికి అభ్యంతరం లేదని రాసి సంతకం చేశాడు. ఇదివరకు తప్పు జరగకుండా ఆపింది దగ్గు. ఇప్పుడు అది రాకపోవడమే అనుమతి అయింది.

ఇరవై రోజుల్లో పేట కదిలింది. లారీల మీద పడవలు, వలలు, తలుపులు, కోళ్ళ గంపలు. వెన్నెల సంధాయినిని విద్యాపీఠంలో అప్పగించేసి, పోలమ్మ సామాను ఉన్న లారీ ఎక్కింది. మేదిని దారిలో నిలబడి చూసింది.

"ఎక్కడికెళ్తున్నావు వెన్నెలా? చదువు?"

"వీళ్ళతో మేడమ్. అక్కడ వీళ్ళేం చేస్తారో, నేనేం చేస్తానో తెలీదు."

"భయంగా లేదూ?"

వెన్నెల కాస్త ఆగింది. "ఉంది," అంది.

"నడూ, ఎక్కు బేగి," అని పోలమ్మ లోపల్నుంచి కేకేసింది. లారీ కదిలింది.

*

పాఠ్యమండలి చివరికి ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకుంది. విరామం తిరిగి పెట్టలేదు. పునాది పొరను సున్నాల దగ్గరే ఉంచింది. పైగా దగ్గు వినడాన్ని ఎనిమిదో అంశంగా పాఠ్యప్రణాళికలో చేర్చింది. దానికి శ్రవణమని పేరు పెట్టింది. పెద్ద సభామందిరంలో చివరి వరస వెనక, గోడకానుకుని ఒక కుర్చీ వేశారు. ఎవరో దాని మీద దండ వేశారు. రెండో వారానికి విద్యార్థులు ఆ కుర్చీ ముందు చెప్పులు విడవడం మొదలుపెట్టారు. పరీక్షకు వెళ్ళేముందు వచ్చి, తల వంచి, వినిపించకపోతే నిశ్చింతగా వెళ్ళేవారు.

"అది ఆయన కాదని వాళ్ళకు తెలుసు సార్," అంది మేదిని ప్రభంజన్‌తో. "తెలిసే చేస్తున్నారు."

"అవును. పిల్లలు ప్రశాంతంగా ఉన్నారు మేదిని గారూ. నేనూ వెళ్ళి విన్నాను." ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మొదటి తరగతి మీరే ప్రారంభించాలి. ఆయన శిష్యురాలు మీరు."

మేదిని ఒప్పుకుంది. నిజం ఒక్కసారి అందరి ముందూ చెబితే చాలనుకుంది. ఏం చెప్పాలో రాసుకుంది. తత్త్వం మీద పెద్ద ఉపన్యాసం కాదు, ఒకే ఒక్క ప్రశ్న. మీకు వచ్చిన ప్రశ్నను ఒక చచ్చిపోయిన మనిషికి ఎందుకు ఇచ్చేస్తున్నారు?

పదిగంటలకు సభామందిరం నిండింది. వేదిక మీద మేదిని ఒక్కతే ఉంది. చెవి వెనక ఏమీ లేదు. ఎదురుగా పద్నాలుగు వందల ముఖాలు, తెలివైనవి, మర్యాదగలవి, అన్నీ ఆమె వైపే చూస్తున్నాయి. ఇంతమందిలో కనీసం కొందరికైనా ఆ ప్రశ్న తగులుతుందనిపించింది. మైకు ముందుకు వంగి, మొదలుపెట్టబోతూ, గొంతు సవరించుకుంది.

ఆ చిన్న శబ్దం స్పీకర్లలోంచి మందిరమంతా పాకింది.

పద్నాలుగు వందల మందీ ఒక్కసారిగా లేచి, ఆమెకు వీపు తిప్పి, వెనక్కి తిరిగారు. ఖాళీ కుర్చీ వైపు చేతులు జోడించి నిలబడ్డారు.

మేదిని తన ప్రశ్న అడిగింది. మళ్ళీ అడిగింది. ఎవరూ ఇటు తిరగలేదు. ఆమెకు కనిపించినవల్లా చెవుల వెనక వరసలు వరసలుగా మెరుస్తున్న నల్లటి గింజలు.